మూడువేల నాలుగునూర్ల సంగతి

ట్రస్టు ఆఫీసులో లెక్కలు చూసే సారుకు,
రాయదుర్గం నుంచి.

మీ ఉత్తరం అందింది.
లక్షా ఇరవై వేలలో
మూడువేల నాలుగునూర్లు ఏ పద్దు కిందికీ రాలేదని,
వివరణ కావాలని రాసినారు.
మా ఆరుమందిలో ఇంటరు దాకా పోయింది నేనే గనక
ఆ పని నా మీద పడింది.

మిషన్లకు తొంభై రెండు వేలు. అవి ఫొటోలో చూసినారు,
తిప్పక్క పసుపు పూసి దండలేసిన నాలుగు,
కొత్తవి కావు, బళ్లారి నుంచి టెంపోలో ఊగుతా వచ్చినవి.
గదికి అడ్వాన్సు పదైదు వేలు.
దారం, సూదులు, నూనె కలిపి తొమ్మిదివేల ఆరునూర్లు.
మిగిలింది తలుపు.

తలుపు అంటే గది తలుపు అనుకుంటారు.
కాదు సార్.
ఎట్ల చెప్పాలో తెలీక రెండు కాగితాలు చించేసినా.
"సిగ్గెందుకే," అనింది మారెక్క,
"పొద్దస్తమానం జిప్పులు కుట్టేటోళ్లం, రాయి."

రాస్తాండా.

ఎనిమిదేండ్లు కంట్రాక్టరు షెడ్డులో జీన్సు కుట్టినాము.
జిప్పుకు రూపాయిన్నర, జేబు జతకు రెండు.
తుమ్మితే కొంగులో నీలం,
తిన్న చోటల్లా సంగటి ముద్దకు నీలం అంచు.
ఆ షెడ్డులో ఫ్యాన్లుండేవి, రేడియో ఉండేది,
గోడ నిండా దేవుళ్ల పటాలుండేవి.
ఆడోళ్లు పోయేదానికి చోటు మాత్రం లేదు.
మొగోళ్లకు వెనక గోడ ఉంది.
మాకు పొద్దుమూకడం ఉంది.

అందుకని నీళ్లు తాగడం మానుకున్నాము.
కొండ రాళ్లు పెనం మాదిరి కాలే ఎండాకాలంలో
పొద్దున ఒక లోటా, మళ్లీ రాత్రికి ఒక చెంబు.
మధ్యలో దారం కొస తడిపి సూదికెక్కించేంత ఎంగిలి,
అదే మా నోటి తడి.

హొన్నూరమ్మకు మంట మొదలై
ఆస్పత్రికి పెట్టింది ఆరువేలు.
దానికి ఎవురూ వివరణ అడగలేదు.
సిద్ధలింగమ్మ కూతురు, తొమ్మిదో తరగతి మానేసి వచ్చిన పిల్ల,
నెలకు నాలుగు దినాలు పనికి రాకపోయేది.
సోమరిదని కూలి కోసినారు.

మీ ఫారంలో ఒక ప్రశ్న ఉంది:
ఈ సాయంతో మీ జీవితంలో రాబోయే మార్పు ఏమి?
రాసేదానికి రెండు గీతలిచ్చినారు.
సొంతంగా సంపాదించుకుంటాము, అని రాసినా.
అబద్ధం కాదు.
గీతలు చాలలేదు, అంతే.

గది చూడబోయిన రోజు
మిషన్లు యాడ పెట్టాలని ఎవురూ కొలవలేదు సార్.
ఆరుమందీ నేరుగా పెరట్లోకి నడిచినారు.
దొడ్డికి గోడలుండాయి, వాకిట్లో గోనెపట్ట వేలాడతాంది.
హొన్నూరమ్మ దాన్ని పక్కకు జరిపి
చానాసేపు లోపలికి చూస్తా నిలబడింది.

రేకు, చట్రం, అర మూట సిమెంటు, మాబుసాబు కూలి.
గొళ్లెం లోపలి వైపు.
మాబుసాబు బిల్లులిచ్చే మనిషి కాదు,
క్యాలెండరు చింపి మార్చి నెల వెనక రాసిచ్చినాడు.
జత చేసినాను.

ఇప్పుడు నీళ్ల కడవ మిషన్ల మధ్యనే ఉంటాది.
మనిషికి రోజుకు పదో పన్నెండో పీసులు ఎక్కువే తెగుతాండాయి.
ఆ పిల్ల నెలంతా వస్తాది.
పాసుబుక్కు తన పేరు మీదే,
వాళ్లమ్మ అడిగినా చూపించదు.

ఐదో మిషను అని రాసేయమంటాంది మారెక్క.
నేను రాయను. తలుపు తలుపే.
మీ పద్దుల్లో కుదరకపోతే
నెలకు మూడునూర్ల లెక్కన తిరిగి కడతాము.
పీకి ఇమ్మంటే మాత్రం ఇయ్యలేము.

తనిఖీకి వస్తామన్నారు గదా, రాండి.
బస్టాండులో షేరు ఆటో ఎక్కి
నీళ్ల ట్యాంకు వెనక సందు అని చెప్పండి.
టీ తాగి, నీళ్లు తాగి, పెరట్లోకి పోయి చూడండి.
తలుపు తట్టండి.
లోపల ఎవరన్నా ఉంటే
కొంచేపు ఆగండి.